దొరగారి గంట, ఊనమ్మ గొర్రె

నేను ఒక గంటను. గంట అనగానే గుడి గంట అనుకుని చేతులు జోడించకండి, బడి గంట అనుకుని పుస్తకం మూసెయ్యకండి. నేను గొర్రె మెడలో కట్టే గంటను. ఇనప రేకు మడిచి, పక్కన మేకులు దిగ్గొట్టి, పైన ఇత్తడి నీళ్ళు పట్టించిన మొరటు సరుకును. గొంతు కూడా అంతే. ఖంగుమనదు, డొబుక్కుమంటుంది. పుట్టింది ఐర్లండు అనే దీవిలో, శిక్ష అనుభవించింది ఆస్ట్రేలియాలో. మరి తెలుగెక్కడ వచ్చిందంటారా? నెల్లూరు బీళ్ళలో గొర్రెల వెంటా బర్రెల వెంటా తిరిగి నేర్చుకున్నాను. అందుకే ఈ కథలో ఐర్లండు వాళ్ళు కూడా నెల్లూరు మనుషుల్లా మాట్లాడతారు. వాళ్ళ భాషలో చెబితే మీకు తెలియదు, మీ భాషలో చెబితే వాళ్ళకు తెలియదు. వాళ్ళు పోయి చాలాకాలమైంది కాబట్టి మీ పక్షానే ఉంటాను.

నన్ను చేసినవాడు గాడిద మీద కొలిమి సామాను వేసుకుని, ఊరూరా తిరిగి చెంబులకు చిల్లులు మూసే మనిషి. దొరగారి గొర్రెల కోసం ఒక దోసెడు గంటలు చేశాడు. అందరికీ నుదుటి మీద దొరగారి పేరులోని మొదటి అక్షరాన్ని ఉలితో కొట్టాడు. మీ అందరి నొసటా బ్రహ్మరాత ఉంటుందంటారు. నాకు మాత్రం దొర రాత.

ఆ కొండ మీద ఒక పద్ధతి ఉండేది. గంటలు కట్టేది దొరగారి గొర్రెలకే. పేదవాళ్ళకి ఉన్నదే ఒకటీ అరా. ఆకలేసినప్పుడు అది అరిచే అరుపు చాలు, గంటెందుకు? పచ్చిక బాగా ఉండే పైచరియ దొరది, రాళ్ళూ తుప్పలూ ఉండే కిందిచరియ ఊరిది. పొగమంచు కమ్మిన రోజున దొరగారి కాపరి ఒక బండ మీద కూర్చుని చెవులు రిక్కించేవాడు. గంట వినిపిస్తే మనది. గంట లేకుండా గడ్డి కొరుకుతున్న చప్పుడు వినిపిస్తే, కుక్కను ఉసిగొల్పడమే.

ఒక వానాకాలం నా తోలుపట్టీ కుళ్ళి తెగింది. బురదలో పడి ఉన్న నన్ను ఊనా అనే విధవరాలు చూసింది. ఊనమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఒక నల్లమూతి గొర్రె ఉంది. దాని బొచ్చు కత్తిరించి, నూలు వడికి, మేజోళ్ళు అల్లి అమ్ముకుని బతికేది. ఆ గొర్రె తనదని తెలియడానికి దాని ఎడమ చెవికి రెండు గాట్లు పెట్టింది. నన్ను తీసి, కొంగుతో తుడిచి, అటూ ఇటూ చూసి, ఆ నల్లమూతిదాని మెడకు కట్టింది. ఇక చూడండి. మంచు కమ్మినప్పుడల్లా అది దర్జాగా పైచరియకెక్కి దొర గడ్డి మేసేది. కాపరి వినేవాడు, తలాడించేవాడు, కుక్క తోకాడించేది. నేను రోజంతా డొబుక్కు డొబుక్కుమంటూ, 'ఇది దొరది, ఇది దొరది' అని అబద్ధం వాగుతూ ఉండేదాన్ని. అప్పట్లో సిగ్గేమీ వేయలేదు. పైగా పేదరాలి కడుపు నింపుతున్నానని కొంచెం మిడిసిపాటు కూడా.

మన కథానాయకుడు ఇప్పుడొస్తున్నాడు, సర్దుకుని కూర్చోండి. పేరు ఫెలిమ్. పాతికేళ్ళ వాడు, పొడుగు మనిషి, మాటల పుట్ట. చేప చేతికి చిక్కితే ఊళ్ళోకి వచ్చేలోపు అది మొసలయ్యేది. ముసలి తల్లితో ఒక్క గదిలో ఉండేవాడు. పాత ఉర్లగడ్డలు అయిపోయి, కొత్తవి తవ్వకానికి రాని నెల అది. ఆ దేశంలో ఆ నెలకు ఆకలి నెల అనే పేరు. తల్లి జ్వరంతో చాప మీద పడి, 'ఒరే, ఇంత మాంసం చారు తాగితే లేస్తానేమోరా' అంటూ ఉండేది. ఆ మాట వాణ్ణి కొండ మీదికి తోలింది.

మధ్యాహ్నం పూట పొగమంచు దిగింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. ఫెలిమ్‌కు నేను వినిపించాను. గంట ఉందంటే దొర గొర్రే. దొర గొర్రెను కొయ్యడం ఆ ఊళ్ళో తప్పు కాదు, ధైర్యం లేక ఎవరూ చెయ్యలేదంతే. శబ్దం పట్టుకుని వచ్చి, వెనకనుంచి దాని తలకు గోనెసంచి తొడిగి, భుజాన వేసుకున్నాడు. నా నాలుకను గుప్పిట్లో బిగించాడు గానీ, అప్పటికే నేను నాలుగుసార్లు అరిచేశాను. పైన బండ మీది కాపరి విననే విన్నాడు.

ఇంటికొచ్చి తలుపేసి గోనె తీశాడు. గొర్రె వాడి వంక చూసింది. వాడు గొర్రె చెవి వంక చూశాడు. ఎడమ చెవి. రెండు గాట్లు.

ఊళ్ళో ఆ చెవి తెలియనివాడెవడు? ఫెలిమ్ గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. గొర్రె బతికే ఉంది. మంచు ఇంకా విడలేదు. మెల్లిగా తోలుకుపోయి ఊనమ్మ వాకిట్లో వదిలేసి రావచ్చు, పిల్లికి కూడా తెలియదు. చాప మీద తల్లి, 'ఏందిరా, ఏమన్నా దొరికిందా' అంది. వాడు, 'దొరికిందమ్మా' అన్నాడు. అని కత్తి తీశాడు. 'వచ్చే ఏడు ఊనక్కకి గొర్రెపిల్లనిస్తా, ఇస్తా' అని తల్లికి వినపడకుండా గొణుక్కున్నాడు. విన్నది నేనూ, గొర్రే. మా ఇద్దరిలో గొర్రె ఎవరికీ చెప్పే స్థితిలో లేదు.

పొద్దున్నే బంట్రోతులు మాంసం వాసన పట్టుకుని వచ్చారు. కుండలో చారు మిగిలే ఉంది, చూరులో నేను దొరికాను. తలా, తోలూ రాత్రే నిప్పుల్లో కాలిపోయాయి.

కోర్టులో నన్ను బల్ల మీద పెట్టారు. అంత గౌరవం అంతకు ముందూ జరగలేదు, తర్వాతా జరగలేదు. న్యాయాధికారి నన్ను రెండు వేళ్ళతో ఎత్తి, "ఈ గంట ఎవరిది" అన్నాడు.

"మా దొరగారిదయ్యా," అన్నాడు కాపరి. "నుదుటి మీద అక్షరం చూడండి. గంటలు కట్టేది మా దొరగారొక్కరే."

"ఆ రోజు నువ్వు విన్నది ఈ గొంతేనా?"

నన్ను ఊపారు. డొబుక్కుమన్నాను. "ఇదేనయ్యా," అన్నాడు కాపరి.

అంతే, సాక్ష్యం ముగిసింది. గంట ఎవరిదని అడిగారు. గొర్రె ఎవరిదని ఆ కోర్టులో ఒక్కరూ అడగలేదు. చదువుకున్నవాళ్ళు గదా, కొమ్ములు వదిలేసి గంట పట్టుకున్నారు.

చెప్పుకునేదేమైనా ఉందా అని ఫెలిమ్‌ను అడిగారు. వాడు నోరు తెరిచి, వెనక బెంచీ మీద శాలువా కప్పుకుని వణుకుతున్న ఊనమ్మను చూసి, మళ్ళీ నోరు మూశాడు. నిజం చెబితే దొర గంట కట్టి దొర గడ్డి మేపినందుకు ఆవిడ బోనెక్కాలి. నిజం చెబితే విధవరాలి ఒక్కగానొక్క గొర్రెను కోసి తిన్నవాడు ఫెలిమ్ అని ఊరంతా ఉమ్మెయ్యాలి. ఈ రెండింటిలో వాడికి ఏది ముందు తోచిందో నేనిప్పుడు చెప్పను. వాడే చెబుతాడు, ఆగండి.

పదేళ్ళు ద్వీపాంతర శిక్ష వేశారు. జైలు అధికారి ఒక పరిహాసాల రాయుడు. "గొర్రెదొంగ పారిపోతే ఎట్లా వెతుక్కుంటాం, గంట కట్టండి" అని, నన్ను తీసి ఫెలిమ్ మెడకే కట్టించాడు. దొరకు కబురు పంపితే ఆయనకూ ముచ్చటేసి సరేనన్నాడట. సంకెళ్ళ బిడారు ఓడరేవు దాకా నడిచినన్నాళ్ళూ నేను మనిషి మెడలో మోగాను. ఊరు దాటుతుంటే మాత్రం ఒక వింత జరిగింది. మగవాళ్ళు టోపీలు తీశారు. ఆడవాళ్ళు ఏడ్చారు. దొర గొర్రెను కోసిన మొనగాడు పోతున్నాడని. ఊనమ్మ కూడా వచ్చింది. రెండు రొట్టెలు వాడి జేబులో పెట్టింది. ఆవిడ వాడి మొహం చూడలేదు, వాడు ఆవిడ మొహం చూడలేదు. ఇద్దరూ నన్నే చూశారు. అప్పుడు, ఆ మెడ మీద, నాకు మొట్టమొదటిసారి సిగ్గేసింది. లోహానికి సిగ్గేమిటంటారా? మరి ఇత్తడి ఎందుకు నల్లబడుతుందనుకున్నారు?

ఓడ సంగతి వదిలెయ్యండి. వాంతులూ ఎలకలూ తప్ప అందులో చెప్పుకోవలసిందేమీ లేదు. దించిన చోట, నీలికొండలనే కొండలు దాటాక, ఎండిన గడ్డి మైదానం. అక్కడొక కొత్త దొర, వేలకు వేల గొర్రెలు. వాటిని కాయడానికి సర్కారు ఎవరిని పంపిందంటారు? గొర్రెదొంగను. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారే, అక్షరాలా అదే. ఫెలిమ్ నన్ను మూటలోంచి తీసి, మందకు ముందు నడిచే గొర్రెకు కట్టాడు. చెట్టు మీద పెద్ద పెద్ద ముక్కుల పక్షులు నవ్వేవి. నిజంగానే నవ్వే పక్షులుంటాయి అక్కడ, కోతలు కోస్తున్నాననుకోకండి.

కోతలు కోసేవాడు వేరే ఉన్నాడు. అక్కడి శిక్షాఖైదీల్లో మన ఐర్లండు వాళ్ళు చాలామంది. సాయంత్రాలు టీ కాచుకుంటూ నువ్వేం చేశావంటే నువ్వేం చేశావని ఒకరినొకరు అడిగేవాళ్ళు. ఫెలిమ్ మొదటిసారి, 'దొర గొర్రెను కోశాను' అన్నాడు. మరుసటి ఏటికి అవి ఏడయ్యాయి. ఆపైన ఇరవై. శిక్ష పూర్తయ్యేనాటికి నలభై గొర్రెలు. కుక్కలకు మత్తుమందు పెట్టి, నన్ను చేతబట్టి మోగిస్తూ ముందు నడుస్తుంటే, దొరగారి మంద మొత్తం వరసగా పొగమంచులోంచి దిగి ఊరి పేదలందరి వాకిళ్ళలోకీ వచ్చిందట. ఇంటికొకటి. నేను పక్కనే ఉండి వింటున్నాను. నా మీద ప్రమాణం చేసి మరీ చెప్పేవాడు.

ఆ కథే వాడికి అన్నం పెట్టింది. శిక్షలు ముగిసిన ఐర్లండు వాళ్ళు ఆ చుట్టుపక్కల తలా కాస్త నేలా, తలా పది గొర్రెలూ సంపాదించుకున్నారు. ఎవరికి వాళ్ళు కాపరిని పెట్టుకునే స్తోమత లేదు. అందరివీ కలిపి ఉమ్మడి మంద చేసి ఫెలిమ్ చేతికిచ్చారు. వాళ్ళ పెద్ద కార్మక్ అనే తెల్లగడ్డం ముసలాయన. "దొరల గొర్రెల్ని దోచినోడు గానీ, పేదోడి గొర్రెని ముట్టినోడు కాదురా మా ఫెలిమ్. కళ్ళు మూసుకుని అప్పజెప్పొచ్చు" అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ ఫెలిమ్ చెయ్యి ఎడమ చెవి మీదికి పోయేది. ఎందుకో వాళ్ళకు తెలియదు. పెళ్ళి కూడా చేసుకోలేదు. అబద్ధాన్ని కట్టుకున్నవాడికి మరో ఆలి ఎందుకు?

ఒక ఏడు బొచ్చు కత్తిరింపుల రోజు. మంద మొత్తం పాకలోకి వస్తోంది, నేను ముందు మోగుతున్నాను. పక్క దొర ఇంట్లో శిక్ష మీద పనిచేసే ఆడవాళ్ళను బొచ్చు ఏరడానికి పంపారు. వాళ్ళలో కత్తిరించిన జుట్టు, వడలిన మొహం ఉన్న ఒకామె చేతిలో బొచ్చు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా వంక చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు.

ఊనమ్మ.

గొర్రె పోయాక ఆవిడ కూలికి నూలు వడికింది. కళ్ళు మందగించాక కూలి కూడా దొరకలేదు. చివరికి దొరగారి కొట్టంలోంచి ఒక చంకెడు బొచ్చు తీసుకుని వడికి అమ్మబోతూ పట్టుబడింది. ఏడేళ్ళు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

భోజనాల వేళ అందరూ పాక నీడన కూర్చున్నారు. కార్మక్ చెయ్యి తుడుచుకుని, "ఫెలిమూ, కొత్తోళ్ళు వచ్చుండారు గదా, నీ నలభై గొర్రెల కత చెప్పబ్బా" అన్నాడు. ఫెలిమ్ ఊనమ్మను గుర్తుపట్టలేదు. లేచాడు, మొదలుపెట్టాడు. కుక్కలొచ్చాయి, మంచొచ్చింది, వరసగా నలభయ్యీ నడిచాయి. ఆఖర్న కొండ పేరూ ఊరి పేరూ చెప్పి, టోపీ తీసి వంగాడు. ఈలలు, నవ్వులు.

కార్మక్ పక్కకు తిరిగి, "ఏమ్మా, నువ్వూ ఆ దిక్కుదానివే గదా. ఆ ఊరి పేరు ఎప్పుడైనా విన్నావా?" అన్నాడు.

"విన్నాను పెద్దాయనా. నాదీ ఆ ఊరే."

ఫెలిమ్ అప్పుడు చూశాడు. చేతిలో టోపీ చేతిలోనే ఉండిపోయింది.

"అట్లనా. అయితే నువ్వే చెప్పాల. మావోడు కాస్త పెంచి చెప్తాడని నాకెప్పుడూ అనుమానమే. నలభయ్యేనా?"

మీకు చెప్పనవసరం లేదు, ఒక్క మాట. ఆవిడ ఒక్క మాట అంటే ఉమ్మడి మంద పోతుంది, గుడిసె పోతుంది, వాడికి 'రా కూర్చో' అనే మనిషి ఆ మైదానంలో మిగలడు. ఊనమ్మ చేతిలో రొట్టె ముక్క విరుచుకుంది.

"నలభై కాదు," అంది.

రొట్టె ముక్క నోట్లో వేసుకుని నమిలింది.

"నలభై ఒకటి. ఆ ఒక్కటీ చిన్నది. ఆయన లెక్కలోకి వచ్చుండదు."

పాక ఎగిరిపోయేలా నవ్వారు. "చూశారా, తక్కువే చెప్పుకున్నాడు" అని కార్మక్ తొడ చరిచాడు. అందరికంటే ఆలస్యంగా నవ్వబోయిన ఫెలిమ్‌కు నవ్వు రాలేదు. గొర్రెలకు నీళ్ళు పెట్టాలని బయటికి పోయి, పోసిన తొట్టిలోనే మళ్ళీ నీళ్ళు పోశాడు.

మర్నాడు ఉదయం వాగు దగ్గర ఊనమ్మ దొరసాని బట్టలు ఉతుకుతోంది. ఫెలిమ్ మందను అటు తోలాడు. మాటలు రాని ఫెలిమ్‌ను నేను చూడడం అదే మొదలు. ఆవిడే అంది:

"గంట బాగానే దాచుకున్నావు."

"ఊనక్కా, నిన్న నువ్వు..."

"నేనేం చెప్పేది? దొర గంట తెచ్చి నా గొర్రెకి కట్టింది నేను గాదా? మంచులో గంట విని దొరదే అనుకుంటివి. ఎవరైనా అట్టనే అనుకుంటారు. నా జిత్తుల వల్ల నువ్వు సముద్రం దాటావు నాయనా. కోర్టులో లేచి చెప్దామనుకున్నా. కాళ్ళు లేవలా. ఇన్నేళ్ళూ ఆ గంట నా చెవుల్లోనే మోగతా ఉండాది." బట్టను రాతికేసి రెండు బాదులు బాది, తలెత్తింది. "నువ్వు మాత్రం నన్ను కాచావు. నా పేరు బయటికి రానీకుండా నోరు మూసుకున్నావు. అది పొరపాటే గదా, అంతే గదా ఫెలిమూ?"

చూశారా, ఎంత మంచి దారి వేసి పెట్టిందో. వాడు చెయ్యాల్సిందల్లా 'అంతే అక్కా' అనడం. రెండే మాటలు. నలభై గొర్రెలు తోలినవాడికి రెండు మాటలు ఒక లెక్కా?

వాడు ముందు నడిచే గొర్రె మెడ మీద చెయ్యేసి, నా నాలుకను గుప్పిట్లో పట్టుకున్నాడు, ఆనాడు పట్టుకున్నట్టే.

"కాదక్కా," అన్నాడు. "ఇంటికి పోయి గోనె తీసినాను. ఎడం చెవి చూసినాను. రెండు గాట్లు. అప్పటికింకా బతికే ఉండాది."

ఊనమ్మ చేతిలో బట్ట ఆగింది.

"కోర్టులో నిన్ను కాయాలని నోరు మూసుకోలా. నా పరువు పోతుందని మూసుకున్నా. నీ సంగతి తర్వాత తోచింది. ఓడ ఎక్కినాక తోచింది."

వాగు పారుతోంది. మంద నీళ్ళు తాగుతోంది. ఊనమ్మ బట్టను మెలిపెట్టి, మెలిపెట్టి, నీటి బొట్టు లేకుండా పిండింది.

"తెల్లారి తోలుకొచ్చుంటే నేనేం అనేదాన్ని గాదు," అంది.

"తెలుసు."

"అడిగుంటే సగం ఇచ్చేదాన్నేమో."

"అది తెలీదక్కా."

"నాకూ తెలీదులే." పిండిన బట్టను గంపలో వేసి, "మీ అమ్మకు ఆఖర్న నీళ్ళు పోసింది నేనే. నీకు తెలిసుండదు. పోయేదాకా ఆ చారు సంగతే చెప్పేది. నా కొడుకు దొర గొర్రెను తెచ్చి చారు కాచాడు ఊనా, అట్టాంటి చారు నువ్వెప్పుడైనా తాగావా అనేది. లేదమ్మా, తాగలేదు అన్నాను."

ఫెలిమ్ గట్టు మీద కూలబడ్డాడు. ఊనమ్మ బట్టల గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. వాడు అడగనూ లేదు.

ఆ వారమే వాడు తన సొంత గొర్రెల్లో మేలైనదాన్ని తోలుకుని ఆవిడ పనిచేసే ఇంటి వెనక్కి పోయాడు. ఊనమ్మ దాన్ని చూసి హడలిపోయింది. "బుద్ధుందా నీకు? శిక్షలో ఉన్నదాని దగ్గర గొర్రె కనపడితే మళ్ళీ ఓడెక్కిస్తారు. ఒక గొర్రెతో పడింది చాలు నాకు." వాడు వెనక్కి తోలుకొచ్చి, దాని ఎడమ చెవికి రెండు గాట్లు పెట్టాడు. దానికి పుట్టిన పిల్లలకూ, ఆ పిల్లల పిల్లలకూ పెడుతూ పోయాడు.

కొత్త గుర్తు మందలో దాగుతుందా? కార్మక్ అడిగాడు. "ఇదెవరి గుర్తు ఫెలిమూ?"

ఫెలిమ్ ఆ ఆదివారం అందరినీ పాకలోకి పిలిచాడు. నిలబడి, నలభై గొర్రెలు లేవు, ఒక్కటే ఉంది, అది దొరది కాదు, ఊనమ్మది, చెవి చూసే కోశాను అని మొత్తం చెప్పాడు. ఒక్క అక్షరం పెంచలేదు. ఆ రకంగా కథ చెప్పడం వాడికి అలవాటు లేదు కాబట్టి చాలా పేలవంగా చెప్పాడు. "మీ గొర్రెల్ని మీరు తీసుకపోండి," అని కూర్చున్నాడు.

కార్మక్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "విన్నారా. ముసలామెకి ఆదరువు లేదని నాలుగు గొర్రెలు ఇయ్యాలనుకున్నాడు. ఊరికే ఇస్తే ఆమె తీసుకోదు గదా, అందుకని బాకీ ఉన్నట్టు కత కట్టాడు. తన మొహాన తనే బురద పూసుకున్నాడు."

"పెద్దాయనా, ఒట్టు. ఊనక్కనే అడగండి."

"ఆమెని అడిగి చిన్నబుచ్చమంటావా? నువ్వు ఊరుకోబ్బా. నీ అబద్ధాలు మాకు కొత్తనా?"

ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజునుంచి మందలోకి ఇంకా గొర్రెలొచ్చాయి. జీవితమంతా అబద్ధం చెబితే ఊరు నమ్మింది, ఒక్కనాడు నిజం చెబితే అది అబద్ధమని దండ వేసింది. ఫెలిమ్ మళ్ళీ ఆ కథ ఎత్తలేదు. ఎత్తనక్కరలేకపోయింది, ఊరే చెప్పుకునేది. వాడు వచ్చేసరికి కథ నడుస్తుంటే వాగు వైపు తిరిగి పోయేవాడు.

ఊనమ్మకు విడుదలైంది. ఆ మధ్య రెండు కరువులు, అడవికుక్కలు. ఆవిడ పేరున పెరిగిన గొర్రెలు పందొమ్మిది మిగిలాయి. ఆవిడ దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, చూపు ఆనక, ఒక్కొక్కదాని ఎడమ చెవిని వేళ్ళతో తడిమి బయటికి వదిలింది. ముందు నడిచే గొర్రె కూడా ఆవిడదే. దాని మెడలో నేనున్నాను. వేళ్ళు నా దాకా వచ్చి ఆగాయి. నా నుదుటి మీది అక్షరాన్ని తడిమింది. పట్టీ విప్పింది.

"ఇది నాది గాదు," అంది.

"నాదీ గాదక్కా," అన్నాడు ఫెలిమ్.

"మరి దొరదే. పంపించెయ్యి."

ఇద్దరి మొహాల మీదా నవ్వులాంటిది ఏదో వచ్చి పోయింది. నన్ను కంచె గుంజకు తగిలించింది. గొర్రెల వెనక నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "గాట్లు సరిగ్గానే పెట్టావులే," అంది. వాడికి జీవితంలో దొరికిన మన్నింపు అంతవరకే. వాడు దాన్ని మన్నింపు అనుకున్నాడో లేదో నాకు తెలియదు.

ఫెలిమ్ పోయినప్పుడు కార్మక్ కొడుకులు సమాధికి రాయి తెచ్చారు. ఏం చెక్కించాలని పెద్దగా వాదించుకోలేదు. 'పేదవాడి గొర్రెను ముట్టనివాడు' అని చెక్కించారు. సుత్తి దెబ్బలు పడుతుంటే నేను గుంజకు వేలాడుతున్నాను. గాలికి మోగాను కూడా. కాదు, కాదు అన్నాను. గంట అన్నాక ఏం మోగినా డొబుక్కనే వినిపిస్తుంది. ఊనమ్మ వచ్చి ఆ రాయి మీది అక్షరాల వంక, చదువు రానిది కాబట్టి, ఊరికే చూసి, తన ఎడమ చెవి తడుముకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నా బతుకు గుర్రాల పాలైంది. నన్ను ఒక గుర్రం మెడకు కట్టారు, ఆ గుర్రాన్ని పటాలానికని మద్రాసు ఓడెక్కించారు. సముద్రం దాటడం నాకు కొత్త కాదు కాబట్టి నేనేమీ అనలేదు. గుర్రం పోయింది, బండి ఎద్దొచ్చింది, ఎద్దు పోయి బర్రె వచ్చింది. చేతులు మారి మారి, చివరికి కావలిలో మస్తాన్ అనే ఆయన పాత ఇనప సామాన్ల కొట్లో, విరిగిన సైకిళ్ళ కింద పడ్డాను. అక్కడే ఉండిపోతే బాగుండుననుకున్నాను. ఇనుము కరిగితే సిగ్గు కూడా కరుగుతుందేమోనని ఆశ.

మొన్న పెంచలమ్మ అని, గొర్రెలు మేపే ఆమె వచ్చింది. సైకిళ్ళ కింద చెయ్యి పెట్టి నన్ను లాగి, ఊపింది. నాలుక ఇంకా ఆడుతోంది.

"ఎవరిది మస్తానన్నా ఇది?"

"ఎవరిదైతే ఏందమ్మా? ఇనుముకి ఇంటిపేరుంటదా?"

"ఉండాది గదా, ఇదిగో. నుదుటి మీద ఏందో అక్షరం. రేపు నా జీవం మెడలో దీన్ని చూసి, ఇది మాదని ఎవరన్నా వస్తే? ముందు ఆకురాయితో ఇది గీకెయ్యి. అప్పుడైతే తీసుకుంటా."

మస్తాన్ గొణుక్కుంటూ ఆకురాయి తీశాడు. ఇన్ని దేశాలు తిరిగాను, ఇన్ని మెడలు చూశాను, ఇంతవరకూ ఆ పని చెయ్యాలని ఒక్కరికీ తోచలేదు. రజను రాలింది. దొర రాలిపోయాడు. నేను మాత్రం అలాగే ఉన్నాను. ఆకురాయికి అందేది పైనున్న అక్షరమే.

ఇప్పుడు పెంచలమ్మ గొర్రె మెడలో ఉన్నాను. బీడు మీద మీరెప్పుడైనా పోతుంటే డొబుక్కుమనే గొంతు వినిపిస్తే అది నేనే. నన్ను నమ్మకండి. దగ్గరికి వచ్చి ఆ గొర్రె చెవి చూడండి.